ఎడమచేతి వాటం ఎవరిది?

"తప్పు," అంది మూడో వరుసలోని అమ్మాయి.

నాలుగేళ్ళుగా నేను క్విజ్ మాస్టర్ని. ఆ మాట అనే హక్కు ఆ హాల్లో నా ఒక్కడిదే. అలాంటిది, నేను జవాబు చదివి కార్డు కిందికి దించకముందే నా మాట నాకే ఎదురొచ్చింది.

ముందు ఆ హాలు సంగతి చెప్పాలి. నాది పాత వీడియో టేపుల షాపు. జనం బీరువాల అడుగున మర్చిపోయిన పెళ్ళి టేపులు, పుట్టినరోజు టేపులు తెచ్చిస్తే, బూజు తుడిచి, ఓపిగ్గా ఆడించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాను. షాపు పైనున్న హాల్లో నెలకో ఆదివారం సాయంత్రం క్విజ్ పెడతాను. పాత ఆల్టర్నేటివ్ రాక్ పాటలు, వాటి మ్యూజిక్ వీడియోలు. ఏ పాట మధ్యలో డ్రమ్మర్ తుమ్మాడు, ఏ వీడియోలో సోఫా కింద పిల్లి నిద్రపోతోంది, ఏ గిటారుకి ఐదు తీగలే ఉన్నాయి, ఇలాంటివన్నమాట. మా అమ్మ దీనికి 'కూడు పెట్టని చదువు' అని పేరు పెట్టింది. వచ్చేది పాతికమందే, కానీ ప్రాణం పెట్టి వస్తారు.

ఆ ఆదివారం ఫైనల్. బహుమతి ఒక టేపు. 'బారోడ్ అంబ్రెల్లాస్' అనే బ్యాండ్ వాళ్ళ ఒకే ఒక్క వీడియో అందులో ఉంది. మన భాషలో చెప్పాలంటే అరువు గొడుగులు. బ్యాండ్ అంటే పెద్ద గుంపేం కాదు, ఇద్దరే. గిటారు వాయించే అబ్బాయి, బేస్ గిటారు వాయించే అమ్మాయి. డ్రమ్స్‌కి ఒక మిషను. ఒక ఆల్బమ్ చేశారు, 'కిచెన్ వెదర్' అనే పాటకి ఒక వీడియో తీశారు, ఆ తర్వాత ఏమయ్యారో ఎవరికీ తెలీదు. ఇంటర్నెట్ అంతా గాలించినా ఆ వీడియో దొరకదు. మా బాబాయి ఎప్పుడో టీవీలోంచి రికార్డు చేసుకున్న టేపు నా దగ్గరుంది. ఈమధ్య పాత సామాన్లలో రెండోది దొరికితే, దాన్ని బహుమతిగా పెట్టాను.

ఫైనల్‌కి ఇద్దరు మిగిలారు. ఒకరు మా పాత విజేత, పళ్ళ డాక్టర్ గారు. రెండోది ఈ కొత్తమ్మాయి. పాతికేళ్ళు దాటి ఉంటాయి. నీలం యూనిఫామ్ చొక్కా, చెవి వెనక పెన్సిలు. అడిగిన ప్రతి వీడియోనీ ఇంట్లో మనుషుల గురించి చెప్పినట్టు చెప్పింది. ఒక్క చోటే తడబడింది. 'కిచెన్ వెదర్'లో గోడ గడియారం మొదట ఎంత చూపిస్తుంది, చివర ఎంత చూపిస్తుంది అని అడిగాను. పాట మొదట్లో నాలుగూ ఇరవై, చివర్లో నాలుగూ పదిహేను. గడియారం ఐదు నిమిషాలు వెనక్కి వెళ్తుంది. ఆ వీడియోలో పేరుమోసిన వింత అదే. కాలం వెనక్కి నడుస్తోందని దానిమీద పేజీలకి పేజీలు రాశారు. ఈ అమ్మాయి పలక మీద 'ఏడూ నలభై, ఏడూ నలభై ఐదు' అని రాసింది. ఎక్కడి నాలుగు, ఎక్కడి ఏడు!

దాంతో స్కోరు సమానమైంది. చివరి ప్రశ్న వేశాను. "అదే వీడియో. ఆ ఇద్దరిలో ఎడమచేతి వాటం ఎవరిది?"

డాక్టర్ గారు 'అమ్మాయిది' అని రాశారు. ఆ అమ్మాయి 'అబ్బాయిది' అని రాసింది. నేను కార్డు చూసి "అమ్మాయిది" అన్నాను. అప్పుడే ఆమె "తప్పు" అంది.

"తప్పా ఒప్పా చూసేద్దాం," అని తెర మీద వీడియో వేశాను. ఇరుకు వంటగది. పైకప్పు నుంచి వాన. గళ్ళ చొక్కా అబ్బాయి కుడిచేత్తో తీగలు మీటుతున్నాడు. పక్కన తడిసిన జుట్టుతో అమ్మాయి ఎడమచేత్తో మీటుతోంది. చివర్లో ఆ అమ్మాయి మన దగ్గరికి వచ్చి ఊదుతుంది, బొమ్మ మీద ఆవిరి పడుతుంది, ఆ ఆవిరిలో రెండు వేలికొసలు కలుసుకుంటాయి. ఒక వేలు ఆమెది. రెండోది ఎవరిదన్నది ఇప్పటికీ తేలని పేచీ.

హాల్లో చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం తెర వంకే చూస్తూ నిలబడిపోయింది. ఇంటికొచ్చేసరికి తలుపు ఇటువైపు ఉండాల్సింది అటువైపు ఉంటే మనిషి ఎలా చూస్తాడో అలా చూసింది.

"మీ కాపీ తిరగబడింది," అంది చివరికి.

నా ప్రతిభని ఏమన్నా పడతాను, నా షాపునంటే పడను. "మా షాపులో టేపులు తిరుగుతాయండీ, బొమ్మలు తిరగబడవు," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

"ఆ అబ్బాయిది ఎడమచేతి వాటమే. వందసార్లు చూశాను," అని నెమ్మదిగా చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. టేపు డాక్టర్ గారికి ఇచ్చాను. గెలిచిన వాదన నోట్లో చేదుగా ఎందుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

*

షాపు మూసి బయటికి వచ్చేసరికి వాన. గొడుగు లేదు. అరువిచ్చేవాళ్ళూ లేరు.

ఎదురుగా ఒక చిన్న కారు వచ్చి ఆగింది. నెత్తిమీద ఎర్రటి 'ఎల్' బోర్డు, తలుపు మీద డ్రైవింగ్ స్కూలు పేరు. కిటికీ అద్దం దిగింది. మూడో వరుస!

"ఎక్కండి. మీతో పనుంది."

"నాతోనా? ఇంకో తప్పు చూపించడానికా?"

"ముందు ఎక్కండి, తడిసి ముద్దవుతున్నారు."

ఎక్కాను. ఆమె డ్రైవింగ్ టీచరట. నా వైపు కూడా ఒక బ్రేకుంది. కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

కారు కదిలింది. ఆమె ఏదో అడగాలని నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంటోంది. ఓడిపోయిన చోట చెయ్యి చాచడం కష్టమని నాకు తట్టి ఉంటే బాగుండేది. తట్టలేదు.

"మీ దగ్గర... ఆ వీడియోకి ఇంకో కాపీ ఉందా?" అంది. "ఈ శనివారం లోపల నాకు..."

సరిగ్గా అప్పుడే నా కళ్ళు డాష్‌బోర్డు మీద పడ్డాయి. స్టీరింగుకి అటొక స్టిక్కరు, ఇటొక స్టిక్కరు. ఇంతింత అక్షరాలతో 'ఎడమ', 'కుడి'.

నవ్వు ఆపుకోలేకపోయాను. "ఓహో! అదా సంగతి! ఎడమేదో కుడేదో రాసిపెట్టుకుంటే గానీ తెలీదన్నమాట! ఈ స్టిక్కర్లు క్విజ్‌కి కూడా తెచ్చుకోవాల్సిందండీ!"

కారు ఆగింది. తన వైపు బ్రేకు తనే వేసింది.

"అవి నేర్చుకోడానికి వచ్చేవాళ్ళ కోసం. కంగారులో చాలామందికి ఎడమ కుడి తెలీదు. మర్యాద కూడా తెలీదని ఇవాళే తెలిసింది. దిగండి."

"అయ్యో, సరదాకి..."

"మీ ఎడమ పక్క ఉందే, అదే తలుపు."

దిగాను. కారు వెళ్ళిపోయింది. నడిరోడ్డు మీద వానలో నిలబడి, 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని మా అమ్మ రోజూ ఎందుకు చెప్తుందో తీరిగ్గా ఆలోచించుకున్నాను.

*

మర్నాడు పొద్దున్నే బాబాయి టేపు తీశాను. మొదటినుంచి చివరిదాకా చూశాను. డాక్టర్ గారిని బతిమాలి రెండో టేపు తెప్పించి, అదీ చూశాను. రెండింట్లోనూ ఒకటే బొమ్మ. కాపీ తిరగబడలేదు. నేనే గెలిచాను. అయినా ఆ అమ్మాయి మొహమే కళ్ళముందు ఆడుతోంది.

'వందసార్లు చూశాను' అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. అబద్ధమే అయితే ఇంత కచ్చితంగా, నిమిషంతో సహా చెప్పదు. ఏడూ నలభై, ఏడూ నలభై ఐదు. ఎవరు చూశారు అలాంటి గడియారాన్ని?

ఇంకో మాట కూడా గుచ్చుకుంటోంది. 'ఈ శనివారం లోపల నాకు...' ఆ వాక్యాన్ని నేను పూర్తి కానివ్వలేదు.

బుధవారం దాకా ఆగి, ఇక ఆగలేక, వీడియోని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, జేబులో వేసుకుని డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళాను. "టీచర్ గారు సెలవులో ఉన్నారండీ," అన్నాడు అక్కడి ఆయన. "వాళ్ళ నాన్నగారి సెలూన్ ఖాళీ చేస్తున్నారు. వెనక వీధిలోనే."

సెలూన్ సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంది. సగం సామాను మూటలు కట్టేశారు. మిగిలింది ఒక కుర్చీ, గోడ మీద ఎత్తుగా ఒక టీవీ, ఎదురు గోడకి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే పలకగా పదడుగుల అద్దం. పెద్దాయన ఒక్కరే ఉన్నారు. తెల్లటి మీసం, మడత నలగని చొక్కా. నన్ను చూడగానే ఆయన కళ్ళు నా జుట్టు మీద పడ్డాయి.

"కూర్చో బాబూ. ఈ షాపులో ఇవే ఆఖరి కటింగులు."

"అది కాదండీ, నేను..."

"అదేనయ్యా. మెడ దాటి కిందికి దిగింది. కూర్చో."

కూర్చున్నాను. ఆయన నా పై గుండీ విప్పి, మెడకి గుడ్డ కట్టి, దువ్వెన పెట్టి నిట్టూర్చారు. "ఇలాంటి జుట్టు చూస్తే నాకు పాత రోజులు గుర్తొస్తాయి. ఆ గిటార్ల వాళ్ళు వచ్చారు చూడు, భుజాల దాకా జుట్టు పెంచుకుని! ఊళ్ళో కుర్రాళ్ళంతా అలాగే పెంచేశారు. ఆరు నెలలు ఈగలు తోలుకున్నాను. పైగా ఆ పాటలే టేపు నిండా రికార్డు చేసి, ఇదే షాపులో నేనే వేశాను. శత్రువుని ఇంట్లో పెట్టుకుని మేపడమంటే అదే."

"ఎందుకు వేశారండీ మరి?"

"మా అమ్మాయికి ఇష్టం. బడి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది. ఇదిగో, ఈ పక్కనే స్టూలు మీద కూర్చుని, హోంవర్కు చేస్తూ, చూసేది. ఆ టేపుని మిషను నమిలేసిన రోజు అన్నం తినలేదు."

నేను తలెత్తి అద్దంలోకి చూశాను. నా వెనక గోడ మీదున్న టీవీ అద్దంలో కనిపిస్తోంది. వార్తలు వస్తున్నాయి. కింద పరుగెత్తే అక్షరాలు తిరగబడి, వెనక్కి పరుగెత్తుతున్నాయి.

చటుక్కున తల వెనక్కి తిప్పబోయాను.

"కదలకు బాబూ, చెవి తెగుతుంది."

"ఈ టీవీ... ఎప్పటినుంచీ అక్కడే ఉందాండీ? వెనక గోడకే?"

"మరెక్కడుంటుంది? కుర్చీలో కూర్చున్నవాడు అద్దంలోనే కదా చూస్తాడు. పక్కకి పెడితే తల తిప్పుతాడు. తల తిప్పితే నా పని చెడుతుంది."

"మీ అమ్మాయి స్టూలు కూడా అద్దం వైపేనా?"

"అద్దం కింద బల్ల మీదే పుస్తకాలు పెట్టుకునేది మరి."

వందసార్లు చూసింది. వందసార్లూ అద్దంలోనే చూసింది. ఆమె చిన్నతనమంతా ఆ పాటలు ఆమెకి తిరగబడి కనిపించాయి, అవే అసలు పాటలు అనుకుంది. ఈ షాపు బయట ప్రపంచంలో ఇంకెవ్వరూ ఆ వీడియోలని అలా చూసి ఉండరు. నేను నవ్వింది దేన్ని చూసో తెలిసి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కన్నా ఆశ్చర్యం ఇంకా పెద్దదిగా ఉంది.

అప్పుడే ఆమె అట్టపెట్టెలు మోసుకుంటూ లోపలికి వచ్చింది. నన్ను అద్దంలో చూసి ఆగిపోయింది.

"మీరా? క్షవరానికి ఊళ్ళో ఇంకో షాపు దొరకలేదా?"

వెనక్కి తిరగలేను, కత్తెర చెవి దగ్గరుంది. అందుకని అద్దంలోని ఆమెతోనే మాట్లాడాను. "క్షమించండి. కారులో నేను అన్నదానికి, హాల్లో అందరినీ నవ్వించినదానికి కూడా. మీరు తప్పు చెప్పలేదు. మీరు చూసిందే చెప్పారు. ఒకసారి టీవీ వంక చూడండి. ఇప్పుడు అద్దంలో చూడండి."

చూసింది. మళ్ళీ చూసింది. పెట్టెలు కింద పెట్టి, బల్ల మీద కూలబడింది.

"అంటే," అంది మెల్లగా, "నేను చూసినవన్నీ తప్పేనా? ఒక్కటి కూడా సరైంది కాదా? నాకు తెలిసింది ఆ పాటలేనండీ. నాకు బాగా వచ్చు అనుకున్నది అదొక్కటే."

గుడ్డ కిందనుంచి చెయ్యి బయటికి తీసి పెన్‌డ్రైవ్ చూపించాను. "కారులో మీరు అడగబోయింది ఇదేనా?"

ఆమె నా వంక చూసిన చూపు అద్దంలో పడి నాకు తగిలింది. నేరుగా తగిలి ఉంటే ఏమయ్యేవాడినో!

"ఏంటమ్మా అది?" అన్నారు పెద్దాయన.

"అరువు గొడుగుల పాట నాన్నా. వంటింట్లో వాన పడేది. శనివారం ఈ అద్దం తీసేస్తున్నారుగా. ఆ లోపల ఒక్కసారి ఇందులో నీకు చూపిద్దామని." తర్వాత నాతో అంది. "కొత్త షాపు చిన్నది. గుమ్మంలోంచి ఈ అద్దం దూరదు. రెండు ముక్కలుగా కోసి తీసుకెళ్తామన్నారు అద్దాల వాళ్ళు."

పెద్దాయన దువ్వెనతో నా తల మీద దువ్విన చోటే మళ్ళీ దువ్వారు.

*

ఆమె పెన్‌డ్రైవ్ టీవీకి తగిలించింది. ముగ్గురం అద్దంలోకి చూశాం. సగం కత్తిరించిన తలతో నేను, కత్తెర పట్టుకుని ఆయన, పాత స్టూలు లాక్కుని ఆమె.

వంటగది వచ్చింది. వాన మొదలైంది. నేను వెయ్యిసార్లు చూసిన వీడియోనే, కానీ అన్నీ చోటు మారాయి. కిటికీ ఇటు వచ్చింది, పొయ్యి అటు వెళ్ళింది. గళ్ళ చొక్కా అబ్బాయి ఎడమచేత్తో తీగలు మీటుతున్నాడు. ఆమె చెప్పినట్టే. మొదటిసారి వింటున్నట్టు విన్నాను. ఆమె పెదాలు పాటతో పాటు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

"ఆగు," అన్నారు పెద్దాయన. "బొమ్మ ఆపమ్మా."

ఆపింది.

"ఆ అబ్బాయి చొక్కా చూడండి."

"చిరిగింది నాన్నా. ఆ రోజుల్లో అదే ఫ్యాషన్."

"చిరుగు కాదు, గుండీలు. మగవాళ్ళ చొక్కాకి ఎడమ పట్టీ పైకొస్తుంది. ఆడవాళ్ళకైతే కుడి పట్టీ. నలభై ఏళ్ళుగా మెడకి గుడ్డ కట్టేముందు పై గుండీ విప్పేవాణ్ణి, నాకు తెలీదా? అద్దంలో చూడండి, ఎడమ పట్టీ పైనుంది. సరిగ్గా ఉంది." ఆయన వెనక్కి తిరిగి టీవీ వైపు కత్తెర చూపించారు. "అక్కడ చూడండి, తప్పుగా ఉంది."

"తప్పుగా ఉందంటే?" అన్నాను.

"అద్దంలో సరిగ్గా కనబడుతోందంటే, టీవీలో తిరగబడి ఉన్నట్టేగా? ఆ బొమ్మ తీసినవాళ్ళే తిప్పి తీశారు బాబూ."

నేను టీవీనీ అద్దాన్నీ మార్చి మార్చి చూశాను.

"గడియారం!" అందామె, స్టూలు మీద నుంచి లేచి. మొదటికి తిప్పింది. టీవీలో నాలుగూ ఇరవై. అద్దంలో ఏడూ నలభై. చివరికి తిప్పింది. టీవీలో నాలుగూ పదిహేను. అద్దంలో ఏడూ నలభై ఐదు.

వెనక్కి వెళ్ళడం లేదు. గడియారం ఎప్పుడూ వెనక్కి వెళ్ళలేదు. ముందుకే, మన గడియారాల్లాగే, ఐదు నిమిషాలు నడిచింది. ఆ పాట నిడివి నాలుగు నిమిషాల యాభై సెకన్లు. అంటే మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఆ వానలో, ఆ ఇరుకులో, మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపులో పాడారు. లోకంలో నాలాంటి పండితులందరూ కలిసి పేజీలు నింపారు గానీ, ఒక్కరూ అద్దం పట్టుకుని చూడలేదు.

"కానీ ఎందుకు తిప్పారు?" అందామె.

పెద్దాయన తన పొడుగాటి సన్నటి షాపుని ఒకసారి కలయజూశారు. "నేనెందుకు ఇంత అద్దం పెట్టించాను? చోటు లేక. అదీ ఇరుకు గదే. కెమెరా వెనక్కి జరగడానికి జాగా ఉండదు. గోడకి అద్దం ఆనించి, ఆ అద్దంలో పడ్డ బొమ్మని తీసుంటారు. ఇద్దరూ పట్టాలంటే అదొక్కటే దారి."

నేను గుడ్డ లాగేసి లేచాను. "చివరి షాట్ వెయ్యండి!"

వేసింది. అమ్మాయి దగ్గరికి వచ్చి ఊదింది. ఆవిరి. రెండు వేలికొసలు కలుసుకున్నాయి.

"రెండో వేలు ఎవరిదీ కాదు," అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే దాచుకోలేదు. "రెండూ ఆమెవే. వేలు, వేలి నీడ. ఆమె అద్దాన్ని ముట్టుకుంది. మూడు పేచీలూ ఒక్కసారే తీరిపోయాయండీ! ఆ అబ్బాయిది ఎడమచేతి వాటమే. మీరే కరెక్ట్. ఇన్నేళ్ళలో ఆ వీడియోని సరిగ్గా చూసింది మీరొక్కరే."

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వింది. వాన వెలిసిన రోడ్డు మీద ఎండ పడ్డట్టుంది ఆ నవ్వు. అంతకన్నా గొప్పగా చెప్పడం నాకు చేతకాదు.

"కూర్చో బాబూ," అన్నారు పెద్దాయన. "సగం తలతో ఎక్కడికి వెళ్తావు?"

కూర్చున్నాను. మిగతా సగం కత్తిరించాక, ఆయన కత్తి తీసి మెడ వెనక గీత సరిచేస్తున్నారు. నేను ధైర్యం కూడగట్టుకున్నాను. "మా షాపులో ఒక గోడ ఖాళీగా ఉందండీ. పన్నెండడుగులు. గుమ్మం కూడా రెండు తలుపులది. ఈ అద్దాన్ని కోయొద్దు. అక్కడ పెట్టుకుంటాను."

కత్తి ఆగింది, నా మెడ మీదే.

"నలభై ఏళ్ళు నేను మనుషుల మొహాలు అద్దంలోనే చూశాను," అన్నారాయన నెమ్మదిగా. "కుర్చీలో కూర్చున్నవాడు తన మొహం చూసుకుంటున్నాడా, ఇంకెవరినైనా చూస్తున్నాడా అన్నది నాకు తెలీదనుకున్నావా?"

నేను గుటక మింగుదామనుకుని, కత్తి గుర్తొచ్చి మానేశాను.

"ఈ అద్దం ఎక్కడుంటే మా అమ్మాయి అక్కడికి వస్తూ ఉంటుంది. తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసేనండీ."

"నాన్నా!" అంది ఆమె. మొహం ఎర్రబడింది. అద్దంలో నాకు స్పష్టంగా కనిపించింది.

"నేనేమన్నానమ్మా? అద్దం గురించేగా మాట్లాడుతున్నాం," అని ఆయన కత్తి తుడిచి పక్కన పెట్టారు. "జాగ్రత్తగా చూసుకో బాబూ. మరక పడనివ్వకు. గీత అసలే పడనివ్వకు."

*

శనివారం పొద్దున్న ఆ అద్దం నడిచి వచ్చింది. నిజంగా నడిచే వచ్చింది. బండి మీద వేస్తే పగులుతుందని, మా క్విజ్ జనం ఎనిమిదిమంది దుప్పట్లు చుట్టి చేతుల మీద మోశాం. పళ్ళ డాక్టర్ గారు కూడా చొక్కా చేతులు పైకి మడిచి ఎత్తారు. వీధంతా అందులో పడి కదులుతోంది. మేడలు తిరగబడి, బోర్డుల మీద అక్షరాలు తిరగబడి, ఆకాశం మాత్రం ఎటు తిప్పినా ఒకేలా ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి నిలబడి చూశారు. ఒకాయన సైకిలు దిగి మరీ చూశాడు.

ముందు నడుస్తూ దారి చెప్పేది డ్రైవింగ్ టీచరు.

"ఎడమకి... ఎడమకి... కాదండీ డాక్టర్ గారూ, మీ ఎడమ!"

"మనిషి ఎడమా, అద్దం ఎడమా అమ్మా?"

"స్టిక్కర్లు తెస్తే బాగుండేది," అన్నాను.

ఆమె నా వంక కళ్ళెర్రజేసి చూసి, ఫక్కున నవ్వేసింది.

గోడకి బిగించి, మిగతా క్విజ్ జనం కూడా వచ్చాక, టీవీని ఎదురు గోడకి పెట్టి, అందరి ముందూ నిలబడ్డాను. నాలుగేళ్ళలో నేను ఎప్పుడూ చెయ్యని పని చేశాను. "పోయిన ఆదివారం చివరి ప్రశ్నకి నేను చెప్పిన జవాబు తప్పు. ఎడమచేతి వాటం అబ్బాయిది. గడియారం ప్రశ్నకి కూడా తప్పు చెప్పాను. ఇదిగో సాక్ష్యం," అని వీడియో వేశాను.

ఐదు నిమిషాలు పాతికమందీ ఊపిరి బిగబట్టి చూశారు. అయిపోయాక కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అద్దం వంక అలా చూస్తూనే ఉండిపోయారు. చివరికి డాక్టర్ గారు సంచిలోంచి బహుమతి టేపు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"రోజంతా అద్దంతోనే కదమ్మా నా పని, నోళ్ళల్లో. నాకు తట్టాల్సింది," అన్నారు ఖేదంగా.

పెద్దాయన అందరినీ టీకి తీసుకెళ్ళారు. "మీరిద్దరూ దుమ్ము తుడిచి రండి," అన్నారు. అద్దం మీద దుమ్మే లేదు.

షాపులో ఇద్దరమే మిగిలాం. ఎదురెదురుగా చూసుకోలేక ఇద్దరం అద్దంలోకే చూస్తున్నాం. ఆమె అద్దం దగ్గరికి వెళ్ళి ఊదింది. ఆవిరిలో వేలు పెట్టింది.

"క్విజ్ మాస్టర్ గారూ, చివరి ప్రశ్న. ఇక్కడ ఎన్ని వేళ్ళున్నాయి?"

"రెండు."

"సరిగ్గా చూడండి."

నేనూ వెళ్ళి ఆమె వేలి పక్కన నా వేలు పెట్టాను. "నాలుగు," అన్నాను. గుండె డ్రమ్ మిషను కన్నా గట్టిగా కొట్టుకుంటోంది. ఇంత దూరం వచ్చాక దాచడం దేనికి? "మీరంటే నాకు చాలా ఇష్టం. హాల్లో మీరు నన్ను తప్పన్నప్పటినుంచే అనుకుంటాను. మీకు నామీద ఇంకా కోపమే కదా?"

"తప్పు," అంది.

నేను తల తిప్పి, అద్దంలో కాకుండా, నేరుగా ఆమెని చూశాను.

"రెండు తప్పులు," అంది, వేలు తియ్యకుండానే. "ఒకటి, కోపం లేదు. రెండోది, 'మీకు' కాదు, 'నీకు'."